ముందు రెక్కలు చూడండి: పురుగు ఏ క్రమానిదో గుర్తించడం ఎలా

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే హైదరాబాద్‌లో సాయంత్రం బాల్కనీ లైటు వేయగానే పురుగులు ముసురుకుంటాయి. చాలామంది లైటు ఆర్పేసి తలుపు బిగించుకుంటారు. మిద్దె తోట ఉన్నవాళ్లు తెల్లారగానే మందు కొట్టే పంపు అందుకుంటారు. ఆ పని చేసే ముందు రెండు నిమిషాలు ఆగి, వచ్చిన పురుగు ఏమిటో చూడమని నా మనవి.

దాని జాతి పేరు మీకు తెలియనక్కర్లేదు. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా సుమారు 10 లక్షల కీటక జాతులకు పేర్లు పెట్టారు. అందులో ఒకదాన్ని చూడగానే ఇది ఫలానా అని చెప్పడం నిపుణులకే కష్టం. కానీ ఆ లక్షలన్నీ కాస్త అటూ ఇటూగా ముప్పై క్రమాల్లో, అంటే ఒంటి పోలికలను బట్టి కట్టిన పెద్ద గుంపుల్లో (ఇంగ్లీషులో ఆర్డర్), ఇమిడిపోతాయి. మన ఇంట్లో, తోటలో, పార్కులో ఎదురయ్యేవి చాలావరకు పది పన్నెండు క్రమాలవే. క్రమం తెలిస్తే ఆ పురుగు ఆకు కొరుకుతుందా రసం పీలుస్తుందా, కుట్టే రకమా కాదా, దాని పిల్ల ఏ రూపంలో ఉంటుంది అన్నవి చాలావరకు తెలిసిపోతాయి. తోట పెంచేవాళ్లకు కావలసింది అదే.

కావలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, మూత ఉన్న గాజు సీసా, ఒక తెల్ల కాగితం, మీ ఫోను. ఇవి చాలు. భూతద్దాన్ని పురుగు మీద పెట్టి మీరు దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు. దాన్ని కంటికి ఆనించుకుని, పురుగు ఉన్న సీసాను మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. పురుగు కుదురుగా ఉండకపోతే సీసాను ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, పది నిమిషాలు ఉంచండి. చలికి కదలిక తగ్గుతుంది, ప్రాణం పోదు. చూడటం అయ్యాక దొరికిన చోటే వదిలిపెట్టండి.

కేబీఆర్ పార్కులో గానీ చిలుకూరు దగ్గరి మృగవనిలో గానీ సీసా బయటికి తీయకండి. రెండూ జాతీయ ఉద్యానాలు. అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏ ప్రాణినీ పట్టకూడదు. అక్కడ ఫోనుతో ఫొటో తీసుకోవడమే.

కాళ్లు లెక్కపెట్టండి

కీటకానికి ఆరు కాళ్లు. ఒళ్లు మూడు భాగాలు: తల, రొమ్ము, పొట్ట. కాళ్లూ రెక్కలూ రొమ్ముకే ఉంటాయి. తలకు ఒక జత మీసాలు ఉంటాయి. ఎనిమిది కాళ్లుంటే అది కీటకం కాదు: సాలీడు, తేలు, కుక్కను పట్టే పిడుదు, బెండ ఆకుల అడుగున చేరే ఎర్రనల్లి, అన్నీ ఆ కోవకే వస్తాయి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె రాగానే ఎర్రటి మఖమల్ ఒంటితో నేల మీద పాకే ఆరుద్ర పురుగు కూడా అంతే. పేరులో పురుగు ఉన్నా పెద్దదానికి కాళ్లు ఎనిమిది. జెర్రికీ రోకలిబండకూ కాళ్లు లెక్కపెట్టాల్సిన పనే లేదు.

ఇప్పుడు రెక్కలు

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కీటకాలను ప్రధానంగా రెక్కలను బట్టే విడదీశాడు. ఆ పద్ధతిలో చాలా మార్పులు వచ్చినా కంటితో చూసి గుర్తించేవారికి నేటికీ మంచి మొదలు అదే. రెక్కలు ఎన్ని జతలు, పై జత గట్టిదా పలుచనిదా, వాలినప్పుడు ఎలా పెట్టుకుంటుంది? ఈ మూడూ చూడండి.

పై రెక్కలు గట్టి పెంకులై, వీపు మధ్య తలవైపు నుంచి తోకదాకా ఒకే నిట్టనిలువు గీతలో కలిస్తే అది పెంకు పురుగు. క్రమం పేరు కోలియోప్టెరా. కీటకాల్లో అతి పెద్ద క్రమం ఇదే. పేరు పెట్టిన జాతుల్లో 3.5 నుంచి 4 లక్షల దాకా ఇవే. బియ్యం డబ్బాలో ముక్కు పురుగు, పేడ పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, వానాకాలం తుమ్మ చెట్ల మీద మెరిసే బంగారు పురుగు, మిణుగురు, అక్షింతల పురుగు, అన్నిటికీ వీపు మీద ఆ గీత ఉంటుంది. ఎగరబోయే ముందు అక్షింతల పురుగును దగ్గరగా చూడండి. ముందు రెండు పెంకులూ పక్కలకు లేస్తాయి, వాటి కింద మడిచి దాచుకున్న పలుచని పెద్ద రెక్కలు విచ్చుకుంటాయి, అప్పుడు లేస్తుంది. వాలాక ఆ రెక్కలను తిరిగి లోపలికి సర్దుకునేటప్పుడు ఒక్కోసారి కొస కాస్త బయటే ఉండిపోతుంది. ఈ క్రమాన్ని నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

పెంకులు పొట్టిగా ఉండి సగం పొట్ట బయటికి కనిపించే పెంకు పురుగులూ ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మీరు తప్పకుండా గుర్తుపట్టాలి. ఒక సెంటీమీటరు కూడా ఉండదు, సన్నగా చీమలా పరుగెడుతుంది. తల నలుపు, రొమ్ము నారింజ, పొట్టి పెంకులు నీలం, పొట్ట మళ్లీ నారింజ, కొస నలుపు. పేడెరస్ అంటారు. వానాకాలంలో లైటుకు వస్తుంది. కుట్టదు, కరవదు, కానీ ఒంటి మీద వాలినప్పుడు నలిపితే లోపలి ద్రవం తగిలి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. నలపకుండా ఊదేయండి లేదా కాగితంతో తప్పించండి. నలిగిందా, వెంటనే సబ్బుతో కడుక్కోండి.

ఇక వీపు మీద నిలువు గీతకు బదులు ఒక త్రికోణం, దాని వెనుక రెక్కలు ఒకదానిపై ఒకటి పడి ఏర్పడిన అడ్డగుర్తు కనిపిస్తే అది హెమిప్టెరా. ఆ రెక్కలు మొదటి సగం గట్టిగా, కొస సగం పలుచగా ఉంటాయి. బూరుగు, పత్తి, బెండ చుట్టూ గుంపులుగా తిరిగే ఎర్ర పత్తి నల్లిని ఒక్కసారి చూస్తే ఈ ఆకారం మనసులో నిలిచిపోతుంది. అనుమానం ఉంటే సీసాను పైకెత్తి అడుగు నుంచి చూడండి. తల కింద నుంచి కాళ్ల మధ్యగా వెనక్కి మడిచిన సన్నటి సూది లాంటి నోరు ఉంటుంది. ఈ క్రమంలో ఉన్నవన్నీ ఆ నోటితో గుచ్చి పీల్చేవే: కొన్ని మొక్కల రసం, కొన్ని ఇతర పురుగులను, మంచంలో నల్లి మన నెత్తురును. పెంకు పురుగుకు ఈ నోరు ఉండదు. అది కొరికి నమిలేది.

మిద్దె తోట వాళ్లకు ఈ క్రమం మీదే ఎక్కువ శ్రద్ధ ఉండాలి. మందారానికి పట్టే పిండినల్లి, చిక్కుడు కొసల్లో గుంపుగా చేరే పేనుబంక, వంకాయ ఆకు అడుగున తెల్లదోమ, బెండ మీద పచ్చదోమ అన్నీ హెమిప్టెరాలోవే, వీటి వీపు మీద ఆ అడ్డగుర్తు కనిపించకపోయినా. పేరులో దోమ ఉన్నందున దోమల జాతి అనుకోకండి. తెల్లదోమకు నాలుగు రెక్కలు, పీల్చే నోరు. వరిని ముంచే సుడిదోమ కూడా ఇంతే. రైతులు పెట్టుకున్న పేర్లు పొలంలో పనికొచ్చే పేర్లే, వాటిని నేను తక్కువ చేయను. క్రమం తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం పేరును పక్కన పెట్టి ఒంటిని చూడాలి. రెక్కలు లేని పేనుబంకనైతే పొట్ట చివర పైకి నిలబడిన రెండు చిన్న గొట్టాలు పట్టిస్తాయి. చీమలు దాని చుట్టూ తిరుగుతుంటే అది వదిలే తియ్యటి ద్రవం కోసం.

ఒకే జత రెక్కలుంటే

రెండంటే రెండే రెక్కలుంటే డిప్టెరా: ఈగలు, దోమలు. వెనక జత స్థానంలో చివర చిన్న గుండు ఉన్న సన్నటి కాడలు రెండు మిగిలాయి. ఎగిరేటప్పుడు ఒంటి తూకం నిలిపేవి అవే. ఈగలో వాటిని చూడాలంటే భూతద్దం కావాలి. వానాకాలంలో స్నానాల గది గోడకు వాలే, దోమకు నాలుగింతలున్న పొడుగు కాళ్ల పురుగులో మామూలు కంటికే కనిపిస్తాయి. దాన్ని చూసి పెద్ద దోమ అని భయపడతారు గానీ దానికి కుట్టడం చేతకాదు.

పూల మీద తేనెటీగ చారలతో గాలిలో ఒకేచోట నిలబడే పురుగును చూస్తే మీసాలు గమనించండి. తేనెటీగ మీసాలు పొడవుగా, మోచేయి వంపుతో ఉంటాయి. ఈ పూల ఈగ మీసాలు మరీ పొట్టి, కళ్లు తలంతా ఆక్రమించి ఉంటాయి, రెక్కలు రెండే. దీని పిల్లలు చాలా రకాల్లో పేనుబంకను తింటాయి. వంటింటి చెత్తతో కంపోస్టు చేసేవాళ్ల డబ్బా దగ్గర తిరిగే నల్లటి సన్నని పురుగు కూడా కందిరీగలా భయపెడుతుంది. అది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ. కుట్టే ముల్లు లేదు.

రెక్కను శ్రద్ధగా చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ నగరంలోనే రుజువైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకుముందు ఆయన కోసి చూసిన మామూలు దోమల్లో అది దొరకలేదు. దొరికింది రెక్కల మీద మచ్చలున్న దోమలో, అంటే అనాఫిలిస్‌లో. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ భవనం నేటికీ ఉంది. మీ గోడ మీది దోమ విషయంలోనూ ఆ గుర్తులు పనికొస్తాయి: వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటే అనాఫిలిస్, ఒళ్లు గోడకు సమాంతరంగా ఉండి, నల్లటి కాళ్ల మీద తెల్లటి పట్టీలుంటే డెంగీని మోసే ఏడిస్.

పలుచని నాలుగు రెక్కలు

ఇక్కడ కాస్త నిదానించాలి. నాలుగు పలుచని రెక్కలున్న క్రమాలు చాలా ఉన్నాయి కాబట్టి నడుమూ మీసాలూ కూడా చూడాలి.

నడుము సన్నగా నొక్కుకుపోయి ఉంటే హైమెనోప్టెరా: తేనెటీగ, కందిరీగ, తుమ్మెద, చీమ. ముందు రెక్క వెనక రెక్క కంటే పెద్దది. రెండింటినీ సన్నటి కొక్కేలు కలిపి ఉంచుతాయి కాబట్టి ఒక్క జతే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే వీటిని ఈగలుగా పొరబడతారు. కుట్టే ముల్లు గుడ్లు పెట్టే అవయవం నుంచి వచ్చింది, అంటే కుట్టేవి ఆడవి మాత్రమే. అపార్టుమెంట్ల చూరులకు, నీళ్ల ట్యాంకులకు వేలాడే ఒంటి పొర పెద్ద తేనెపట్టు దగ్గరికి మాత్రం భూతద్దంతో వెళ్లకండి.

తొలి వానకు పుట్టల నుంచి లేచి లైట్ల చుట్టూ రెక్కలు రాల్చే ఉసిళ్లు చీమల్లాగే అనిపిస్తాయి. అవి రెక్కలొచ్చిన చెదపురుగులు. నేల మీద ఒకదాన్ని పట్టుకుని చూడండి. నడుము నొక్కుకుపోయి ఉండదు, రొమ్ము నుంచి పొట్టకు ఒకే వెడల్పు. మీసాలకు వంపు లేదు, పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒంటి కంటే బాగా పొడుగు. రెక్కల చీమకైతే నడుము నొక్కు, మీసాల వంపు, వెనక రెక్క చిన్నది. ఒకప్పుడు చెదపురుగులకు ఐసోప్టెరా అని వేరే క్రమం ఉండేది. ఇప్పుడు బొద్దింకలతో కలిపి బ్లాటోడియాలో చేర్చారు, ఎందుకంటే చెదలు బొద్దింకల వంశంలోంచే వచ్చాయని తేలింది. ఇంటి చెక్క తలుపులున్నవాళ్లకు ఈ తేడా ముఖ్యం. రాలిన రెక్కలన్నీ ఒకే పొడవుంటే, అవి ఇంటి లోపలి గోడ నెర్రెల నుంచే వస్తుంటే, తలుపుల చట్రాలను తట్టి చూసుకోండి.

రెక్కను తాకితే వేలికి పొడి అంటుకుందా? లెపిడాప్టెరా: సీతాకోకచిలుకలు, రాత్రి తిరిగే వాటి చుట్టాలు. ఆ పొడి పొలుసులే, రంగులన్నీ వాటివే. (తాకి పరీక్షించకండి. గోడ మీద రాలిపోయిన రెక్కను భూతద్దంతో చూస్తే పొలుసుల వరుసలు స్పష్టంగా తెలుస్తాయి.) నోరు గుండ్రంగా చుట్టుకున్న తొండం. సీతాకోకచిలుక మీసాల కొస లావుగా ఉంటుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగుల మీసాలు దారంలాగో, ఈకల్లాగో ఉంటాయి.

తూనీగల క్రమం ఒడోనేటా. పెద్ద కళ్లు, కనీకనిపించని పొట్టి మీసాలు, సన్నటి పొడుగు పొట్ట. వాలినప్పుడు రెక్కలు పక్కలకు చాచి ఉంచితే తూనీగ, వీపు మీద మూసుకుంటే దాని చుట్టాలైన సన్న తూనీగలు. వానల వేళ మైదానాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోయే వలస జాతి. అమీన్‌పూర్ చెరువు గట్టున ఉదయం పూట ఒక గంట కూర్చుంటే ఈ క్రమం మొత్తం అర్థమవుతుంది.

లైటు దగ్గర తూనీగలా ఉండి, మీసాలు పొడవుగా కొస లావుగా ఉన్న మెత్తటి పురుగు కనిపిస్తే అది తూనీగ కాదు, న్యూరోప్టెరా. పొడి మట్టిలో గరాటు గుంటలు చేసి చీమల కోసం అడుగున కాచుకునే పురుగుకు పెద్దయిన రూపం ఇది. ఆకుపచ్చ ఒంటితో, వలలాంటి రెక్కలతో, బంగారు రంగు కళ్లతో వచ్చేది కూడా ఈ క్రమానిదే. దాని గుడ్లు ఒక్కొక్కటీ సన్నటి కాడ మీద నిలబడి ఉంటాయి. వాటిని బూజు అనుకుని తుడిచేయకండి. వాటి పిల్లలు పేనుబంకను తినేస్తాయి.

కాళ్లే పట్టించేవి

పై రెక్కలు పెంకులంత గట్టివి కాక తోలులా ఉంటే కాళ్లు చూడండి. వెనక తొడలు బలిసి గెంతడానికి వీలుగా ఉంటే ఆర్థోప్టెరా. మీసాలు పొట్టివైతే మిడత, ఒంటికంటే పొడవైతే కీచురాయి, దాని బంధువులు. కీచురాయి పై రెక్కలు రెండూ రుద్ది అరుస్తుంది, ముందు కాళ్లలో ఉన్న చెవులతో వింటుంది. ముందు కాళ్లు ముళ్లతో మడిచి, మూడు మూలల తల అటూ ఇటూ తిప్పి మీ వైపే చూస్తుంటే మాంటోడియా, గొల్లభామ, తోటలో ఉంచుకోండి. ఒళ్లు చదునుగా, తలను పైనుంచి పలక కప్పేసి, పొడుగు మీసాలుంటే బొద్దింక. తోక కొసన పట్టకారు ఉంటే డెర్మాప్టెరా. ఇది చెవిలో దూరుతుందన్నది అపోహ.

రెక్కలు బొత్తిగా లేకపోతే: పుస్తకాల్లో వెండిలా మెరిసి మూడు తోకలున్నది వెండి పురుగు, తలలో చదునుగా పాకేది పేను, కుక్క ఒంటి మీద పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉండి గెంతేది ఫ్లీ. పనిచేసే చీమలకూ చెదలకూ రెక్కలుండవు కాబట్టి అక్కడ మళ్లీ నడుమే చూడాలి.

మిర్చి, గులాబీ ఉన్నవాళ్లు తెల్ల కాగితం మీద పువ్వును తట్టండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటి గీతలు కదిలితే తామర పురుగులు, థైసానోప్టెరా. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే సాధారణంగా వీటి పని. కిందికి ముడుచుకుంటే ఎనిమిది కాళ్ల నల్లి. రెండింటికీ వాడే మందులు వేరు.

పిల్లల్లో క్రమం

మిడత, నల్లి, బొద్దింక పిల్లలు పెద్దవాటి పోలికలతోనే, రెక్కలు లేకుండానో మొలకలతోనో ఉంటాయి. పెంకు పురుగు, ఈగ, సీతాకోకచిలుక, తేనెటీగ పిల్లలకు తల్లి పోలికే ఉండదు. అక్కడ మళ్లీ కాళ్లే దిక్కు.

రొమ్ము కింద మూడు జతల అసలు కాళ్లు, పొట్ట కింద అయిదు జతలు లేదా అంతకు తక్కువ కండ కాళ్లు ఉంటే లెపిడాప్టెరా గొంగళి. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉండేది నిమ్మ సీతాకోకచిలుకదో, దాని దగ్గరి చుట్టానిదో. రెండు రెమ్మలు వదిలేయడానికి మనసొప్పితే రెక్కలొచ్చే దాకా చూడవచ్చు. కంపోస్టులో తెల్లగా, కొడవలి వంపుతో, మూడు జతల కాళ్లతో ఉన్నది పెంకు పురుగు పిల్ల. కాళ్లూ తలా రెండూ లేనట్టుంటే ఈగ పిల్ల.

పేనుబంక గుంపులో ముదురు బూడిద ఒంటి మీద నారింజ మచ్చలతో చురుగ్గా తిరిగే ఆరు కాళ్ల పురుగును చాలామంది చీడగా భావించి నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల, మీ పక్షాన పని చేస్తోంది. పిండినల్లి గుంపులో కూడా ఇలాగే తెల్లటి మైనపు పోగులతో, పిండినల్లి కంటే పెద్దగా, వేగంగా కదిలేది కనిపిస్తే ఆగండి. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు జాతి పిల్ల కావచ్చు. తిరగేసి కాళ్లు చూడండి: పిండినల్లి కాళ్లు ఒంటి కిందే చిన్నగా ఉంటాయి, దీనివి బయటికి స్పష్టంగా కనిపిస్తాయి. మందు కొట్టాల్సిన కొమ్మ ఏది, వదిలేయాల్సిన కొమ్మ ఏది అన్నది అప్పుడు తేల్చుకోండి.

ఫొటో తీసేటప్పుడు

క్రమం మీరే తేల్చవచ్చు. అంతకు మించి పేరు కావాలంటే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో ఫొటో పెడితే తెలిసినవాళ్లు చెబుతారు, కానీ ఒక్క పై నుంచి తీసిన ఫొటో సరిపోదు. వీపు, పక్క, ముఖం మూడూ తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల ఉంచితే కొలత తెలుస్తుంది. తేదీ, చోటు, ఏ మొక్క మీద దొరికింది, ఆకు కొరికి ఉందా ముడుచుకుని ఉందా అన్నవి రాసిపెట్టుకోండి. ఒకే మొక్కను తినే పురుగులు చాలా ఉన్నాయి కాబట్టి, కొన్నిసార్లు ఫొటో కంటే మొక్క పేరే ముందుగా సమాధానం చెబుతుంది.